రాణి గూటి అడ్డచెక్క

కిందటేడు మా భిలాయ్ తెలుగువాళ్ళ సంఘం వార్షిక సంచికకు నేనొక హాస్యవ్యాసం రాశాను. చిన్నప్పుడు సెక్టర్ 2లోని మా క్వార్టర్‌లో రెండు గినీపిగ్గుల్ని పెంచడం, అందులో ఒకటి రెండోదాన్ని కొరికి చంపడం, మా చెల్లి పద్మ వాటి మధ్య అడ్డచెక్క పెట్టడం మరిచిపోవడమే అందుకు కారణం కావడం, ఇదీ అందులోని విషయం. చాలామంది ఫోన్ చేసి మెచ్చుకున్నారు. పొట్ట పట్టుకుని నవ్వామన్నారు. ఆ కథ నాకు కొత్తది కాదు. ముప్పై ఏళ్ళకు పైగా మా బంధువుల ప్రతి పెళ్ళిలో, రెండో పంక్తి లేచాక నన్ను కూర్చోబెట్టి చెప్పించుకునేవారు. చెల్లి నోరు తెరిచి నిలబడిపోయిన తీరు నటించి మరీ చూపించేవాడిని. అంతగా సాన పట్టిన కథ కాబట్టి అచ్చులో కూడా ఎక్కడా తడబాటు లేకుండా వచ్చింది. ఒక్క చిన్న పొరపాటు మాత్రం దొర్లింది. ఆ చెక్క తీసింది నేను.

ఈ సవరణ రాసి పంపాలన్న సద్బుద్ధి నాకు దానంతటదే పుట్టిందని ఎవరైనా అనుకుంటే ఆ గౌరవం కూడా నాకు చెందదు. ఈ చలికాలం పది రోజులు సెలవు పెట్టి, భిలాయ్‌కి, స్మృతి నగర్‌లో చెల్లి ఇంటికి వెళ్ళాను. నాన్న ఇప్పుడు అక్కడే ఉంటాడు. మా మేనకోడలు మేఘన వరండాలో సగం ఆక్రమించి రెండు గినీపిగ్గుల్ని పెంచుతోంది. వాటికి రెండు చిన్న ఇళ్ళు, రెండు తిండి గిన్నెలు, రెండు నీళ్ళ సీసాలు. ఒక్కొక్క ఇంటికి రెండేసి గుమ్మాలు. మా రోజుల్లో ఉద్యోగస్థుడికి కూడా ఒకటే గుమ్మం ఉండేదని నేను వేళాకోళం చేశాను. ఆ పిల్ల నవ్వలేదు. "మామా, ఏక్ హీ దర్వాజా ఉంటే ట్రాప్ అయిపోతుంది. పెద్దది లోపలికి వచ్చేస్తే చిన్నది బైటికి ఎలా వెళ్తది? ఇత్నా తో సోచో," అంది. నాకు యాభై దగ్గర పడుతోంది. ఇంత మాత్రం ఆలోచించమని నాతో ఎవరూ అనలేదు, అనవలసిన సమయంలో.

అది కాదు నన్ను కుదిపింది. సాయంత్రం మేఘన గూటి తలుపు వేసి లోపలికి వెళ్ళింది. చెల్లి వచ్చి గొళ్ళెం పట్టుకుని చూసింది. వంటింటిదాకా వెళ్ళి మళ్ళీ వచ్చి చూసింది. స్టవ్ మీద పాలు పెట్టి మూడోసారి వచ్చింది. మా బావగారు పేపర్లోంచి తల ఎత్తకుండానే "మూడు," అన్నారు. అందరూ నవ్వారు, చెల్లితో సహా. గ్యాసూ, తాళాలూ, బీరువా, స్కూటర్ స్టాండూ, అన్నీ మూడుసార్లు చూడటం మా చెల్లి అలవాటు. పెళ్ళిపీటల మీదనుంచి లేచి పెట్టె తాళం చూసి వస్తానన్నదని మా ఇంట్లో ఇంకో హాస్యకథ ఉంది. అది కూడా నేనే చెబుతుంటాను. "అదేం లేదు మామా, అమ్మకి తన మీద తనకే భరోసా లేదు," అంది మేఘన మామూలుగా. "వో గినీపిగ్ వాలీ బాత్ అయినప్పట్నుంచి. నీ ఆర్టికల్ అమ్మే నాకు చదివి వినిపించింది. నాకు తెలుగు చదవడం రాదు కదా." చెల్లి తన మీద నేను రాసిన అబద్ధాన్ని తన నోటితోనే కూతురికి చదివి పెట్టిందన్నమాట. ఇంతకంటే మంచి పాఠకురాలు ఏ రచయితకు దొరుకుతుంది?

ఆ రోజుల్లో మా ఇంటిని నడిపింది అమ్మా కాదు, నాన్నా కాదు, వంటింటి తలుపు వెనక అంటించిన షిఫ్టు చార్టు. నాన్న ఉక్కు ప్లాంటులో రోలింగ్ మిల్లులో ఛార్జ్‌మన్, అంటే షిఫ్టు మేస్త్రీ లాంటివాడు. ఫస్ట్ షిఫ్టు వారంలో ఇంట్లో నాలుగున్నరకే కాఫీ వాసన, పోపు వాసన కలిసి వచ్చేవి. సెకండ్ షిఫ్టు వారంలో మేము నిద్రపోయాక వచ్చిన నాన్నను మేము చూసేవాళ్ళం కాదు, బాత్రూంలో తడిసిన లైఫ్‌బాయ్ సబ్బునీ, తాడు మీద ఆరేసిన బనీను మీద ఎర్రటి దుమ్మునీ చూసి వచ్చాడని తెలుసుకునేవాళ్ళం. ఇక నైట్ షిఫ్టు వారం వచ్చిందంటే ఇల్లు గుడి అయిపోయేది. పొద్దున్న వచ్చి, స్నానం చేసి, చద్దన్నంలో ఉల్లిపాయ నంజుకుని, కిటికీలకి దుప్పట్లు కట్టి నాన్న పడుకునేవాడు. నాలుగింటిదాకా మేము గుసగుసలాడాలి. కుక్కర్ పెట్టకూడదు. అమ్మ పోపు కూడా మూత కింద వేసేది. మా క్వార్టర్ల లైన్‌లో ఎవరి గుంటడైనా గట్టిగా అరిస్తే, "మా ఇంట్లో నైట్," అని వేలు చూపిస్తే చాలు, వాడు అక్కడే ఆగిపోయేవాడు. ఆ టౌన్‌షిప్‌లో అంతకు మించిన పాపం లేదు. పరీక్ష తప్పవచ్చు, పక్కింటి అద్దం పగలగొట్టవచ్చు. నైట్ చేసి వచ్చిన మనిషిని లేపకూడదు.

ఈ ఇంటికి రెండు గినీపిగ్గుల్ని తెచ్చినవాడు మా చరోదా మామయ్య, అంటే పక్కనే ఉన్న ఆ రైల్వే ఊళ్ళో ఉండే అమ్మ తమ్ముడు. రైల్వేలో గార్డు. ఎక్కడెక్కడి సరుకో ఆయన బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కి మా ఇంట్లో దిగేది. ఆ ఏడు పద్మ నాలుగో క్లాసులో ఫస్టు వచ్చిందని హౌరా నుంచి వెదురుబుట్టలో పెట్టి ఇవి పట్టుకొచ్చాడు. ఏడో క్లాసు గట్టెక్కినందుకు నాకు జామెట్రీ బాక్సు తెచ్చాడు. ఆ జామెట్రీ బాక్సుకీ జరిగినదానికీ ఏ సంబంధమూ లేదని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. మామయ్య బుట్ట మూత తీసి, "జోడీయే, మగదీ ఆడదీ. అమ్మినోడు ఒట్టేసి చెప్పినాడు," అన్నాడు. తెలుపూ గోధుమరంగూ కలిసిన పెద్దదానికి పహిల్వాన్ అనీ, బూడిదరంగు చిన్నదానికి రాణి అనీ చెల్లి పేర్లు పెట్టింది. లైన్‌లో వాళ్ళు మాత్రం వాటిని విలాయతీ ఎలుకలనేవారు.

వారం తిరక్కుండానే పహిల్వాన్ తన ప్రతాపం మొదలుపెట్టింది. నడుము ఊపుకుంటూ, గొంతులో మోటారు తిరిగినట్టు గుర్రుమంటూ రాణి చుట్టూ తిరిగేది. పళ్ళు టకటకలాడించేది. గిన్నె దగ్గరికి రానిచ్చేది కాదు. జామముక్క వేస్తే రాణి నోట్లోంచి లాక్కుని తినేది. రాణి వీపు మీద జుట్టు అక్కడక్కడ ఊడిపోసాగింది. పద్మ ఏడ్చుకుంటూ అమ్మ దగ్గరికి వెళితే అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతూ, "మొగుడూ పెళ్ళాలన్నాక ఉంటాయే. మధ్యన నీకేటి?" అంది. ఆ తీర్పు మీద రాణి నెల్లాళ్ళు కాపురం చేసింది. తర్వాత ఒక ఆదివారం మామయ్యతో పాటు వచ్చిన రైల్వే కాంపౌండరు ఒకాయన రాణిని తిరగేసి చూసి, రెండూ మగవేనని తేల్చాడు. అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఓలమ్మో! మగోణ్ణా ఇన్నాళ్ళూ ఓర్చుకోమన్నాను?" అంది. ఆడదైతే ఓర్చుకోవలసిందీ, మగాడైతే విచారించవలసిందీ కాబట్టి కేసు ఆ రోజే అమ్మ చేతిలోంచి నాన్న చేతికి మారింది.

నాన్నకి ఇలాంటివి కొత్త కాదు. "పడని ఇద్దరిని ఒక షిఫ్టులో ఏస్తే మిల్లు ఆగిపోద్దిరా. ఇడదీసి చెరో షిఫ్టులో ఏసేయ్యాల," అన్నాడు. ప్యాకింగ్ పెట్టెల చెక్కలు సంపాదించి, రెండు సెలవురోజులు కూర్చుని గూడు కట్టాడు. ఒక వైపు పెద్ద గది, అందులోంచి పెరటి గడ్డి మీదికి వలకట్టిన దారి. రెండో వైపు చిన్న గది. మధ్యలో పైకి లాగి తీసే అడ్డచెక్క. పెద్ద గదిలో పడుకోవడానికి ఒక పెట్టె, దానికి పిడికిలంత గుమ్మం ఒకటే. ఆ పెట్టె కప్పునీ అడుగునీ ఇనుపపట్టీలతో బోల్టులు వేసి బిగించాడు. తుఫాను వచ్చినా కదలదని దాని మీద ఎక్కి కూర్చుని చూపించాడు. ఒకటి పెద్ద గదిలో ఉంటే రెండోది చిన్న గదిలో ఉండాలి. ప్లాంటు భోంపూ, అంటే షిఫ్టు సైరన్, కూసినప్పుడల్లా తారుమారు చెయ్యాలి. పొద్దున్న ఆరింటి మార్పు పద్మది, మధ్యాహ్నం రెండింటిది నాది, రాత్రి పదింటిది అమ్మది. తలుపు వెనక నాన్న చార్టు పక్కనే వాటి చార్టూ వెలిసింది. లైన్‌లోని పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, చూసి, బాగుందని తల ఊపి వెళ్ళారు.

అంత చక్కని ఏర్పాటులో లోపం ఏమిటో మేఘన నాకు రెండు నిమిషాల్లో చెప్పింది. విడదీసి, మళ్ళీ ఒకదాని చోట ఇంకొకదాన్ని పెడితే, ప్రతిసారీ అవి ఆ చోటు తమదేనని కొత్తగా తేల్చుకోవాలనుకుంటాయట. రోజుకు మూడుసార్లు మేము పహిల్వాన్‌ని దాని రాజ్యంలోంచి దింపేసి, శత్రువు వాసన కొట్టే పడక మీదికి మళ్ళీ ఎక్కించేవాళ్ళం. చెక్కకి ఆ వైపు నిలబడి అది పళ్ళు టకటకలాడిస్తుంటే, నాన్న, "సూడు, ఎంత డిసిప్లిన్ వచ్చీసినాదో," అనేవాడు. ఇప్పటి పిల్లలు జంతువుకి ఏం కావాలో చదివి తెలుసుకుని ఇల్లు కడుతున్నారు. మేము మాకు తెలిసిన ఒకే ఒక ఇల్లు కట్టి, అందులో ఉండటం జంతువుకి నేర్పబోయాం. ఇది కూడా నేను కొంత తెలివిగా రాస్తున్న మాటే. నాన్న గూడు ఎలా కట్టినా, చెక్క దాని స్థానంలో ఉన్నంతకాలం రాణి బతికే ఉంది.

ఆ వారం నాన్నది నైట్. నేను ఒంటిగంటకు స్కూలు నుంచి వచ్చి అన్నం తిన్నాను. అమ్మ పక్క క్వార్టర్‌కి స్వెట్టర్ అల్లిక నేర్చుకోవడానికి వెళ్ళింది. పద్మ బస్సు మూడింటికి గానీ రాదు. రెండింటి భోంపూ కూసేసరికి మా లైన్‌లో గుడ్డూ పెరటి గోడ మీద కూర్చుని ఉన్నాడు. నా ఈడువాడే. "అరే, రోజ్ రోజ్ క్యా బదలీ కర్తా హై? దోనోం కో ఛోడ్ నా. దేఖ్తే హైఁ," అన్నాడు. రోజూ ఈ మార్పులేమిటి, రెంటినీ ఒకచోట వదిలి చూద్దామని. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. గుడ్డూ రెండోసారి అడగను కూడా లేదు. అవి చెల్లివి. మామయ్య వచ్చినప్పుడల్లా ముందు వాటి గురించే అడిగేవాడు. నేను చెక్క పైకి లాగి గడ్డి మీద పెట్టాను.

రాణి ఒక్క ఉరుకున పెట్టెలో దూరింది. ఎప్పుడూ దాక్కునే చోటు అదే. వెనకే పహిల్వాన్ దూరింది. పిడికిలంత గుమ్మానికి దాని వెనకభాగం సరిగ్గా అడ్డుపడింది. తర్వాత లోపలినుంచి అరుపు మొదలైంది. తిండికోసం అవి పెట్టే కూతలు నాకు తెలుసు. ఇది అలాంటిది కాదు. గుడ్డూ మొదట నవ్వాడు, తర్వాత గోడ దిగి వెళ్ళిపోయాడు. పెట్టె పైకప్పు లాగి చూశాను. బోల్టులు. గుమ్మంలోంచి చెయ్యి పెట్టి పహిల్వాన్‌ని లాగవచ్చు, కానీ కరుస్తుందని భయం. నాన్న పడుకున్న మంచం అక్కడికి పదడుగులు. ఆ పెట్టె బిగించిన మనిషికి దాన్ని విప్పడం ఎంతసేపు? రెంచితో నాలుగు తిప్పులు తిప్పితే ఊడిపోయేది. ఆ అరుపు వింటూ నేను భయపడింది రాణి చచ్చిపోతుందని కాదు, నాన్న లేస్తాడని. అందుకని నేను వెళ్ళి వంటింటి వెనక తలుపు చప్పుడు కాకుండా మూసి, బయటినుంచి గడియ పెట్టి వచ్చాను. మూడు దశాబ్దాల నా హాస్యకథలో ఈ తలుపు ఎప్పుడూ లేదు. గుడ్డూకి కూడా తెలియదు.

అరుపు ఆగిపోయాక పహిల్వాన్ తనంతట తనే బయటికి వచ్చి గడ్డి మేయసాగింది. దాన్ని పట్టుకుని చిన్న గదిలో వేశాను. చెక్క మాత్రం గడ్డి మీదే వదిలేశాను. మరిచిపోయి కాదు. తలుపు తీసి, చేతులు కడుక్కుని, పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్నాను. మూడు దాటాక పద్మ వచ్చి బ్యాగు కూడా దించకుండా పెరట్లోకి పరిగెత్తింది. "అన్నియ్యా! అన్నియ్యా, రాణికి ఏటయింది?" అని కేక పెట్టింది, నైట్ షిఫ్టు సంగతి కూడా మరిచిపోయి. నేను వెళ్ళి, గడ్డి మీద చెక్కను అప్పుడే చూసినట్టు చూసి, "పొద్దున్న చెక్క సరిగ్గా పెట్టినావేటే?" అన్నాను. గమనించండి, నేను అబద్ధం ఆడలేదు. ప్రశ్న అడిగాను, అంతే. ఈ తేడా మీద నేను చాలా ఏళ్ళు హాయిగా నిద్రపోయాను. పద్మ మొహం మారిపోయింది. "పెట్టినాను," అంది. కాసేపాగి, "పెట్టినాననే అనుకున్నాను," అంది. ఆ రెండు మాటల మధ్య ఉన్న దూరంలోనే మా చెల్లి ఈనాటికీ గొళ్ళేల చుట్టూ తిరుగుతోంది.

ఆ కేకకి నాన్న లేచాడు. కోప్పడలేదు. బోల్టులు విప్పి రాణిని బయటికి తీశాడు, గాయాలకి పసుపు అద్దాడు. సాయంత్రం మా ఇద్దరినీ నవారు మంచం మీద కూర్చోబెట్టి ప్లాంటు పద్ధతిలో ఎంక్వైరీ చేశాడు. "ఆఖరున సెక్క ముట్టింది ఎవరు?" "నేనే నాన్నా, పొద్దున్న," అంది పద్మ. నన్ను, "రెండింటికి నువ్వు మార్చలేదేటి?" అని అడిగితే, చదువుకుంటూ ఆలస్యమైపోయిందన్నాను. చదువు పేరు చెప్పాక ఆ టౌన్‌షిప్‌లో ఇంకో ప్రశ్న ఉండదు. "అజాగ్రత్త," అన్నాడు నాన్న, పద్మ తల మీద చెయ్యి వేసి, మెల్లిగానే. మర్నాడు పొద్దున్న రాణి చచ్చిపోయింది. పహిల్వాన్‌ని బుట్టలో పెట్టి చరోదా పంపేశారు. అది హంతకుడన్న పేరుతో మామయ్య ఇంట్లో ఒంటరిగా, బాగా ఒళ్ళు చేసి, ఇంకో మూడేళ్ళు బతికింది. జరిగినదంతా పహిల్వాన్ రౌడీతనం, చెల్లి మతిమరుపు కలిసి చేసిన పని అని తేలింది. నాకు కథ చెప్పే పని మిగిలింది.

స్మృతి నగర్‌లో నా సెలవు చివరి రోజు పొద్దున్న. మేఘన స్కూలుకి వెళ్ళింది. చెల్లి వంటింట్లో గినీపిగ్గులకి కొత్తిమీర కడుగుతోంది. నేను గుమ్మంలో నిలబడి చెప్పేశాను. కథ చెప్పడంలో నాకున్న పేరుకు తగినట్టు ఏమీ చెప్పలేకపోయాను. చెక్క, గుడ్డూ, గడ్డి, అన్నీ వెనకా ముందూ అయిపోయాయి. చెల్లి కుళాయి కట్టింది.

"అది అరిచిందా?" అంది, నా వైపు తిరక్కుండా.

"అరిచింది."

"ఎంతసేపు?"

"తెలీదు. ఐదు నిమిషాలు. పది కూడా అయ్యుంటుంది."

"నాన్న ఇంట్లోనే ఉన్నాడు కదా. మరి లేపలేదేటి?"

"నైట్ షిఫ్టు..." అన్నాను. ఆ మాట నా చెవికే ఎలా వినిపించిందో ఇక్కడ రాయను. తలుపు సంగతి కూడా చెప్పాను.

చెల్లి చేతులు తుడుచుకుంది. నేను క్షమాపణ అన్న మాటని ఏ భాషలో మొదలుపెట్టాలో వెతుక్కుంటున్నాను. అంతలో చెల్లి హాల్లోకి చూసి, "నాన్నా, అన్నియ్య నీకేటో చెప్తాడట," అని గట్టిగా అంది. నాన్నకి ఇప్పుడు వినికిడి తగ్గింది. ఆయనకి వినబడాలంటే నేను ప్రతి ముక్కా అరిచి చెప్పాలి. అరిచి చెప్పాను. పక్కింటివాళ్ళు కూడా విని ఉంటారు. నాన్న కళ్ళజోడు పెట్టుకుని, అప్పటిలాగే ముందు టైం అడిగాడు, ఎవరెక్కడున్నారో అడిగాడు. తలుపు గడియ సంగతి వచ్చేసరికి ప్రశ్నలు ఆపేశాడు.

"నన్ను లేపితే ఏటయ్యేదిరా?" అన్నాడు.

నాన్న తన చేతులు చూసుకున్నాడు. తర్వాత వంటింటి గుమ్మంలో నిలబడిన చెల్లి వైపు తిరిగి, "పద్మా, ఎంక్వైరీ నాను సరిగ్గా సెయ్యలేదమ్మా. తప్పు నాదే. పదడుగుల్లో పడుకొని ఉన్నాను," అన్నాడు.

మాటలు వచ్చిన దగ్గర్నుంచీ నన్ను అన్నియ్య అని తప్ప ఇంకోలా పిలిచి ఎరగని చెల్లి, నా వైపు వేలు చూపించింది.

"నువ్వు కాదు నాన్నా. వాడు."